గోల్‌కీపరు కాళ్ళ పరుపులు

అన్న ఫకీరప్పకు,

తమ్ముడు మస్తాన్ సలాములు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? వదిన, పిల్లలు, పక్కింటి నాగమ్మత్త అందరూ బాగున్నారా? తనకల్లులో ఒక్క పదునన్నా వాన పడిందా, చెనిక్కాయ విత్తనం వేశారా? ఇక్కడ నేను బాగున్నాను. తిండికి లోటు లేదు, జ్వరం లేదు. అల్లా దయవల్ల ఒళ్ళంతా బాగుంది, ముక్కు ఒక్కటే బాగాలేదు. అది ఎందుకో చెప్పడానికే ఇంత కాగితం ఖర్చు చేస్తున్నాను.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం ఏమిటిరా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. అమ్మ వింటుంది, వదిన వింటుంది, అంగట్లో కూర్చున్నవాళ్ళు కూడా వింటారు. అందరూ వింటుంటే నేను "బాగున్నా, బాగున్నా" అని తప్ప ఇంకేమీ అనలేను. పోయినసారి నువ్వు, "రేయ్ మస్తానూ, ఈడ దూది పరుపులు కుట్టిచ్చుకునేటోళ్ళే ల్యారు. అందురూ ఫోమ్ పరుపులే కొంటాండారు. అంగడి మూసేసి నేనూ ఆడికే వస్తా, ఏదన్నా పని సూడు" అన్నావు. నేను నీళ్ళు నమిలాను. నీకు కోపం వచ్చిందని తెలుసు. ఏరు దాటి తెప్ప తగలేశాడు వీడు అనుకుని ఉంటావు. అట్లా కాదన్నా. కదిరికి సెలవు మీద పోతున్న ఒకాయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఇది నువ్వు ఒక్కడివే చదువుకో. అమ్మ అడిగితే మొదటి నాలుగు ముక్కలు చదివి వినిపించు, చాలు.

ఏజెంటు మనతో "పరుపుల పని" అన్నాడు, గుర్తుంది కదా. హోటల్ పరుపులు అనుకున్నాం. నాయన దబ్బనాన్ని సంచిలో పెట్టి మరీ పంపింది అమ్మ. ఇక్కడికి వచ్చి చూస్తే హోటల్ లేదు, మంచం లేదు. పెద్ద మాల్ లోపల నేలంతా మంచు గడ్డ కట్టించి పెట్టారు. దుబాయ్ ఎండలో మంచు! దాని మీద బూట్ల కింద ఇనుప బద్దలు కట్టుకుని హాకీ ఆడతారు. గోలు దగ్గర కాపలా కాసేవాడు రెండు కాళ్ళకూ పాదం నుంచి తొడ దాకా ఇంత మందం ప్యాడ్లు కట్టుకుంటాడు. చూస్తే పసిపిల్లల పరుపులు రెండు కాళ్ళకు కట్టుకున్నట్టే ఉంటుంది. నా పరుపులు అవేనన్నా. చిరిగితే కుట్టడం, అణిగిపోతే మళ్ళీ నింపడం.

ఇక వాసన గురించి. మన ఇంట్లో నువ్వూ నేనూ ఎన్ని పాత పరుపులు విప్పలేదు? పిల్లలు ఉచ్చ పోసినవి విప్పాం, ముసలివాళ్ళు మంచాన పడ్డవి విప్పాం. ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఈ ప్యాడ్లు మొదటిసారి విప్పినప్పుడు నేను బాత్రూముకు పరుగెత్తాను. చచ్చిన ఎలుకను పులిసిన మజ్జిగలో నానేసినట్టు, థూ! వీళ్ళు గంటల తరబడి చెమటలు కక్కుతూ ఆడతారు, ఆ తడి ప్యాడ్లను అట్లాగే సంచిలో కుక్కి జిప్పు వేస్తారు, వారానికి మళ్ళీ తీస్తారు. ఉతకరు, ఆరబెట్టరు. కార్లు చూస్తే అద్దంలా మెరుస్తుంటాయి, సంచి తెరిస్తే పందులు కూడా పారిపోతాయి. ఛీ, ఏం జన్మలో!

చేతులు ఎన్నిసార్లు సబ్బు పెట్టి తోముకున్నా పోదు. నమాజుకు వజూ చేసుకుంటుంటే అరచేతుల్లోంచి అదే కంపు. అన్నం కలిపితే ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. అమ్మకు చెప్పొద్దు, నేనిప్పుడు స్పూనుతో తింటున్నాను. సంగటి అయినా సరే ఇక స్పూనుతోనే తింటానేమో. వస్తూ పోతూ ఉన్నవాళ్ళ చేతికి ఇంత చింతకాయ తొక్కు పంపు. ఆ ఘాటుకైనా ఈ వాసన కాసేపు పోతుందేమో చూస్తాను.

నాకు తోడు ఇక్కడ ఒక్కడే మనవాడు ఉన్నాడు. కుందుర్పి రామచంద్ర. మంచు మీద నీళ్ళు పరిచి నున్నగా చేసే బండి నడుపుతాడు. ఆట మధ్యలో ఆపి మరీ ఆ బండి తిప్పుతారు. మొదటిరోజే నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమప్పా, మీది తనకల్లా? మా ఊర్లో బిందె నీళ్ళకు ట్యాంకరు కాడ కొట్టుకు సస్తారు. ఈడ సూడు, నీళ్ళు గడ్డ కట్టిచ్చి దాని మీద జారతాండారు నాకొడుకులు" అన్నాడు. పైకి నవ్వాను కానీ లోపల నవ్వు రాలేదు. అతను మంచివాడు. కానీ అతనిది రాత్రి డ్యూటీ, నాది పగలు. ఒకే గదిలో ఉంటాం, మాట్లాడుకునేది తక్కువ.

అసలు సంగతికి వస్తాను. మా మేనేజరు ఒకరోజు నన్ను పిలిచి, ఒక చుట్ట ప్లాస్టిక్ ఫిల్మ్ బల్ల మీద పెట్టాడు. మన దగ్గర ఫోను అద్దానికి అంటించే కాగితం లాంటిదే, ఇంకా మందం. గోల్‌కీపరు బంతి ఆపాలంటే మోకాళ్ళు మడిచి కూలబడి, మంచు మీద పక్కకు జారాలి. ఇక్కడ బంతి అంటే నల్లటి రబ్బరు బిళ్ళ, అది వేరే సంగతి. ప్యాడ్ల లోపలి పక్క మంచుకు రాసుకుని గరుకు తేలిపోతుంది, అప్పుడు జారదు, పట్టేస్తుంది. ఆ పక్కంతా ఈ ఫిల్మ్ అంటిస్తే మళ్ళీ నున్నగా జారుతుంది, ప్యాడు కూడా అరిగిపోదు. మేనేజరు ఇదంతా హిందీలో చెప్పి, "తుడవాలి, ఆరబెట్టాలి, అంటించాలి, వేడిగాలి పట్టించాలి, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు" అన్నాడు. సరే అన్నాను.

నాకు ఇచ్చినవి ఒక పెద్దాయనవి. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మనిషి తెల్లగా, లావుగా ఉంటాడు. తెచ్చి దబ్బున నా బల్ల మీద వేశాడు. ప్యాడ్లతో పాటు తడి సాక్సు ఒకటి నా టీ కప్పు పక్కన పడింది. "రేపు సాయంత్రం మ్యాచ్ ఉంది" అని పోయాడు. ఎంత తుడిచినా ఫిల్మ్ అంటుకోవడం లేదు. లోపల ఇంకిన చెమట పైకి ఊరుతూనే ఉంది. ఒక పక్క అదిమితే ఇంకో పక్క లేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుని మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టాను.

అప్పుడు మన పద్ధతి గుర్తొచ్చింది. తడిసిన పరుపుకు మందు ఏమిటి? ఎండ. నాయన ఏ పరుపు వచ్చినా విప్పకముందే మిద్దె మీద పరిచి కర్రతో నాలుగు వాయించేవాడు కదా. నేనూ అదే చేశాను. రెండు ప్యాడ్లూ ఎత్తుకుపోయి మాల్ వెనక గోదాము రేకుల మీద పరిచాను. ఒక కట్టె దొరికితే దుమ్ము లేచేదాకా కొట్టాను కూడా. నాకు ఎంత హాయిగా ఉందో తెలుసా! చాన్నాళ్ళకు మన పని చేశాననిపించింది. అన్నం తిని పోయి చూద్దును కదా, వాసన సగం పోయింది, ప్యాడ్లు మాత్రం కాలిన అప్పడాల్లా ముడుచుకుపోయి ఉన్నాయి.

అందులో దూది లేదని తెలిసి కూడా మరిచిపోయానన్నా. అంతా ఫోమే. నీ అంగడికి తాళం వేయిస్తున్న ఆ ఫోమే. ఈ ఎండకు రేకు మీద ఉడికిపోయి వంకర్లు తిరిగింది.

మేనేజరు చూసి నోటికొచ్చింది తిట్టాడు. "ఇది నీ ఊరి మంచం అనుకున్నావా? రేపు సాయంత్రానికి ఇవి బాగుపడకపోతే టికెట్ చేతిలో పెట్టి పంపిస్తా" అన్నాడు. రామచంద్ర అప్పుడే నిద్ర లేచి వచ్చాడు. నా మొహం, ఆ ప్యాడ్లు చూసి, "ఎండలో పెట్టినావా? ఎంత పని చేసినావప్పా! పరుపుల బుద్ధి యాడ పోతాది!" అని తలకాయ కొట్టుకున్నాడు. తర్వాత తనే వేడిగాలి మిషను పట్టుకుని నిలబడ్డాడు. నేను నాయన దబ్బనం తీసి పక్క కుట్లు విప్పాను, ఫోము బయటికి లాగాను. దాన్ని వేడి చేసి పలకల మధ్య పెట్టి, మీద బరువులు పెట్టి సాపు చేశాం. మోకాలి దగ్గర గుంట పడ్డచోట గదిలోని నా దిండులోంచి దూది లాగి కుక్కాను. మూతికి కట్టుకున్న గుడ్డలోంచి కూడా ఆ కంపు వస్తూనే ఉంది. మధ్యలో రెండుసార్లు బయటికి పోయి కక్కాను. మళ్ళీ కుట్టి, స్పిరిట్‌తో తుడిచి, ఫిల్మ్ పరిచి, ప్లాస్టిక్ బద్దతో మధ్యలోంచి అంచులకు తోసుకుంటూ పోయాను. నాయన పరుపు మీద చేత్తో దూది సర్దేవాడు చూడు, అట్లా. ఒక్క బుడగ లేదు.

మరుసటి సాయంత్రం గాజు అవతల నిలబడి చూశాను. నా ఉద్యోగం ఆ లావాటాయన మోకాళ్ళ మీద ఉంది. మొదటి దెబ్బకే ఆయన కూలబడి జారాడు. ఎట్లా జారాడంటే గోలు ఈ కొస నుంచి ఆ కొసకు పోయి స్తంభానికి గుద్దుకున్నాడు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఆయన లేచి పకపకా నవ్వి, ఆ తర్వాత ఒక్కటి లోపలికి పోనీలేదు. ఆట అయిపోగానే బయటికి వచ్చి, నన్ను పట్టుకుని గట్టిగా కౌగిలించుకున్నాడు! చొక్కా పిండితే బకెట్ నిండేంత చెమట, అదంతా నా మెడకు, నా చెంపకు. థూ! టికెట్ చేతిలో పెట్టి పంపినా ఇంత బాధపడేవాణ్ణి కాదేమో.

ఉద్యోగం మిగిలింది, కర్మ చుట్టుకుంది. ఆ పెద్దాయన ఊరంతా చాటాడు. ఇప్పుడు రోజూ సంచులే సంచులు. పిల్ల గోల్‌కీపర్లు, ముసలి గోల్‌కీపర్లు, అందరికీ ఫిల్మ్ కావాలి. జిప్పు తీయకముందే మూతికి గుడ్డ కట్టుకుంటాను. లోపల మంచు చలికి ముక్కు కారుతుంది, బయటికి వస్తే మన అనంతపురం ఎండే చల్లగా ఉందనిపించే ఎండ. ముక్కు కారినా వాసన మాత్రం తెలుస్తూనే ఉంటుంది, అదేం శాపమో!

మొన్న మేనేజరు నా పక్కన కూర్చుని, "మీ ఇంట్లో ఈ పని చేయగలిగినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. లేరు అనాలన్నా. నోట్లో అదే మాట పెట్టుకున్నాను. కానీ, "ఉన్నాడు సార్, మా అన్న. నాకన్నా వాడి చెయ్యి మంచిది" అని వచ్చేసింది. నీ పేరు చెప్పుకోవడానికి ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు, ఆగలేకపోయాను. "పిలిపించు, వీసా మేము చూసుకుంటాం. సెలవు మీద మీ ఊరి వైపు పోతున్నాయన తిరిగి వచ్చేలోగా మాట చెప్పు" అన్నాడు. నువ్వు అడిగిన పని ఇదిగో, దొరికింది. నీకు దొరికినందుకు సంతోషించాలో, నెత్తిన కొట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

నువ్వు అక్కడ అంగట్లో ఊరికే కూర్చున్నావు, తెలుసు. ఇక్కడికి వస్తే ఊరికే కూర్చోవు, అదీ నిజమే. దూరపు కొండలు నునుపు అంటారు. ఆ నునుపు నేనే అంటిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, దాని కింద ఏముందో నాకు తెలుసు. నాయన చేతి కింద కూర్చుని దూది ఏకిన చేతులు నీవి. అవి వీళ్ళ చెమటలో నానడం తలుచుకుంటేనే నాకు రోత పుడుతోంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న పొట్లం ఉంటుంది. కవరు మీద కవరు వేసి బిగించి కట్టాను. తెచ్చినాయనకు అత్తరు అని చెప్పాను, నువ్వూ అట్లాగే అను. ఇంట్లో విప్పొద్దు, అమ్మ ముందు అసలే వద్దు. ఊరి బయటికి పోయి, ఒక్కడివే కూర్చుని విప్పు. ఒక గోల్‌కీపరు మోకాలి కింద ఉండే గుడ్డ, కుట్టేటప్పుడు కత్తిరించి దాచాను. ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అట్లాగే ఉండు. తర్వాత పోయి అన్నం కలుపుకుని తిను. ముద్ద దిగకపోతే అంగడి మూయొద్దు, రావొద్దు. మేనేజరుకు నేనేదో చెప్పుకుంటాను.

ముద్ద దిగితే మాత్రం రా. నిన్ను రావొద్దని రాయడానికే కూర్చున్నానన్నా, ఇన్ని పుటలూ అందుకే తిట్టాను. కానీ ఆ చివరి మాట రాయబోతే చెయ్యి ఆడటం లేదు. రోజంతా ఎవడివో ప్యాడ్లు తుడిచి గదికి వస్తే, ఎదురుగా కూర్చుని నాతో పాటు ఛీ అనేవాడు ఒక్కడు లేడు.

అమ్మ పాదాలకు నా బదులు నువ్వు మొక్కు. నాగమ్మత్తకు, పెద్దలందరికీ నా సలాములు చెప్పు, నాకోసం దువా చేయమను. పిల్లలకు ముద్దులు, చేతులు కడుక్కునే పంపుతున్నానని చెప్పు.

నీ తమ్ముడు,
మస్తాన్