ఇటుకల మీద కారు

తమ్ముడికి,

మనిద్దరికీ మాటల్లేవు కాబట్టి ఈ ఉత్తరం. నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను గానీ రాయనని పెట్టుకోలేదు.

విషయం: నాన్న టాక్సీ. నాన్న పోయినప్పటి నుంచి అది నా షెడ్డులో ఇటుకల మీద కూర్చుని ఉంది. దాన్ని మళ్ళీ నడిపించాలని నిర్ణయించి నిన్న మెకానిక్‌ని పిలిపించాను. బానెట్ ఎత్తగానే ఎలుకల సంసారం బయటపడింది. తాతలూ మనవలూ అందరూ ఒకే గూట్లో సర్దుకుని ఉన్నారు. మనింట్లో కంటే అక్కడే సఖ్యత ఎక్కువ కనిపించింది.

పాత పెట్రోలు తోడేస్తే వార్నిష్ వాసన కొట్టింది. మెకానిక్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో కాస్త నూనె పోశాడు. కొన్నాళ్ళు నాననిచ్చి, తర్వాత హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలట. తొందరపడితే ఇంజను పాడవుతుందట. అదంతా నేను చూసుకుంటాను. నా చేతిలో లేనిది ఒక్కటే. డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే రోటర్ లేదు. అది లేకపోతే ప్లగ్గులకి కరెంటు అందదు. అది నీ దగ్గరుంది.

నాన్న అలవాటు నీకు తెలుసు. కారు కోసం మనం కొట్టుకున్నప్పుడల్లా ఆ బొటనవేలంత ముక్క పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. "ఇద్దరూ కలిసి వచ్చి అడగండి, ఇస్తాను" అనేవాడు. పోయేముందు కూడా బుద్ధి మార్చుకోలేదు. కారూ తాళంచెవీ నాకిచ్చాడు, ఆ ముక్క నీకిచ్చాడు. ఏం సాధిద్దామనో ఆయనకే తెలియాలి.

కాబట్టి దాన్ని వెంటనే రిజిస్టరు పోస్టులో పంపవలసింది.

ఇట్లు,
నీ అన్న

తా.క.: ఎందుకో రాయడం మరిచాను. అమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయి. ఈ నెలలోనే ఆపరేషను చేయించాలి, ఆలస్యం చేస్తే చూపు దక్కడం కష్టం అన్నాడు డాక్టరు. ఆవిడేమో వెళితే మీ నాన్న కారులోనే వెళతానని మొండికేసింది.


అన్నయ్యకి,

నమస్కారం. పెద్దవాడివి కాబట్టి ఆ ఒక్కటీ.

రోటర్ నా దగ్గరే ఉంది. నా కళ్ళజోళ్ళ కొట్టులో, బీరువాలో, ఖరీదైన ఫ్రేములు పెట్టే మఖమలు డబ్బాలో ఉంది. నాన్న దాన్ని నా చేతిలో పెట్టాడు. నీ చేతిలో పెట్టాలనుకుంటే నీ చెయ్యి కూడా ఆ మంచం పక్కనే ఉంది కదా! రోటర్ లేని కారంటే ఏమిటి? ఇనప పెట్టె. అంటే నాన్న నీకు ఇనప పెట్టె ఇచ్చి, కారు నాకిచ్చాడన్నమాట.

ఇన్నేళ్ళూ గుర్తురాని కారు నీకిప్పుడెందుకు గుర్తొచ్చిందో కూడా తెలిసింది. మీ వీధి టైలరు మొన్న కళ్ళజోడు కోసం మా కొట్టుకి వచ్చాడు. నాలుగు చక్రాలూ తోపుడుబండి మీద వెళ్ళిపోతున్నాయట. వెనక సీటు వీధిలో పడి ఉందట. కారుని ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటూ, చివరి ముక్క నన్నే పంపమంటున్నావు. నేను చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చోలేదు అన్నయ్యా.

రోటర్ భద్రంగా ఉందని నీకు తెలియడానికి దాని ఫోటో పంపుతున్నాను. ప్రస్తుతానికి దానితో సరిపెట్టుకో.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: ఇదే పార్సిల్లో అమ్మకి ఒక కళ్ళజోడు పెట్టాను. పవరు అందాజుగా వేశాను. తల్లి కళ్ళ సంగతి కొడుక్కి తెలియదా?


తమ్ముడికి,

ఫోటో అందింది. మెకానిక్ దాన్ని ఇంజను మీద పెట్టి చూశాడు. స్టార్టు కాలేదు.

నీ సాక్షి సంగతి. కళ్ళు కనపడకే కదా ఆ టైలరు నీ కొట్టుకి వచ్చింది? అలాంటివాడు చూశానంటే నువ్వు నమ్మావు, ఒకే తల్లి కడుపున పుట్టిన అన్న రాస్తే నమ్మలేదు. చక్రాలు వెళ్ళింది టైర్లు మార్పించడానికి. పాతవి బీటలు వారి పెచ్చులూడుతున్నాయి. బ్రేకులు డ్రమ్ములకి కరుచుకుపోతే సుత్తితో తట్టి తట్టి ఊడదీశాం. సీటు వీధిలో పెట్టింది ఎలుకల కంపు పోవడానికి. నిన్ననే ఒకతను వచ్చి దాని కొలతలు తీసుకుని వెళ్ళాడు.

నూనెలో నానిన ఇంజను నిన్న కదిలింది. హ్యాండిల్ వేసి తిప్పితే మొదట బిగదీసుకుంది, తర్వాత మూలిగింది, తర్వాత తిరిగింది. ఇనుముకి ఉన్న ఇంగితం కొందరు మనుషులకి లేదు.

పోస్టు మీద నీకు నమ్మకం లేకపోతే రోటర్ నువ్వే పట్టుకుని రా. నాకు అభ్యంతరం లేదు. షెడ్డు దాకా రావచ్చు.

మొదటి నుంచీ నా ఉత్తరాలన్నిటికీ కార్బన్ కాపీ తీసి, నీ జవాబులతో కలిపి ఫైలు చేస్తున్నాను. మా ఆఫీసులో అదే పద్ధతి. రేపు ఎవరు ఏమన్నారో తేలాలి కదా.

ఇట్లు,
నీ అన్న

తా.క.: కళ్ళజోడు అమ్మకి పెట్టాను. కొక్కేనికి వేలాడుతున్న నా చొక్కాని చూసి "చిన్నాడా, వచ్చావా" అంది. కుర్చీ కూడా లాగి వేసింది.


అన్నయ్యకి,

షెడ్డు దాకా రావచ్చా? నేను పుట్టి పెరిగిన ఇంట్లో షెడ్డు దాకా నాకు అనుమతి! చాలా పెద్ద మనసు.

కొలతలు తీసుకునేవాడు కొనేవాడు కాకపోతే మరెవరు? నాన్న నడిపిన కారులో వెనక సీటు ఎవడింట్లోనో సోఫా అవుతుందన్నమాట. మా ఆవిడతో అంటే ఆవిడ కూడా "అయ్యో" అంది. ఆవిడ నీ విషయంలో అంత తొందరగా ఎప్పుడూ నాతో ఏకీభవించలేదు.

సరే, అమ్మ కోసం ఒక మెట్టు దిగుతున్నాను. నేను వస్తాను, రోటర్ తెస్తాను. కానీ షరతు ఉంది. రోటర్ నాది కాబట్టి నడిపేది నేను. తాళం నీది కాబట్టి తలుపు తీసేది నువ్వు. ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసి పంపు, మర్నాడే బయలుదేరతాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: అమ్మ నన్ను తలుచుకున్నందుకు సంతోషం. ఊరికే వచ్చి చూసి పోదామంటే కొట్టు వదిలి రాలేను. పైగా రెండు గంటలు బస్సులో కూర్చుంటే నాకు నడుము పట్టేస్తుంది.


తమ్ముడికి,

నేను తలుపు తీయాలా? నీకా? నీ చెడ్డీకి బొత్తాం పెట్టింది నేను. సైకిలు నేర్పింది నేను. కారు గోడకి గుద్ది సొట్ట పెట్టింది నువ్వయితే నాన్న చేత తిట్లు తిన్నది నేను. ఆ సొట్ట ఇప్పటికీ ఎడమ తలుపు మీద ఉంది, వచ్చి తడిమి చూసుకో. నడిపేది నేనే. నువ్వు వెనక సీట్లో కూర్చో, ఎలుకలు ఖాళీ చేశాయి.

బ్యాటరీ కొత్తది వేయించాను. రేడియేటరు గొట్టాలు మార్పించాను. కారు నిలువునా సిద్ధం. నీ అహంకారం ఒక్కటే అడ్డం.

ఇట్లు,
నీ అన్న

తా.క.: డాక్టరు చెప్పిన గడువు దాటిపోయింది. అమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. గోడ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.


అన్నయ్యకి,

అయితే సరే. కారు నీ షెడ్డులో ఉంటుంది, రోటర్ నా బీరువాలో ఉంటుంది. ముందు ఏది తుప్పు పడుతుందో చూద్దాం.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: అమ్మకి నా నమస్కారాలు. కళ్ళు ఆనవు కాబట్టి నువ్వే చదివి వినిపించు. పై భాగం అక్కర్లేదు.


ఒరేయ్ దొంగా,

ఈ ఉదయం షెడ్డు తలుపు తీస్తే కారు లేదు! ఇటుకలు మాత్రం ఉన్నాయి, ఎంత బుద్ధిమంతంగా పేర్చి పెట్టావురా. తాళంచెవి నా దగ్గరే ఉంది. అంటే రోటర్ ఉన్నవాడు తప్ప ఇంకెవడూ దాన్ని కదిలించలేడు. ఆ రోటర్ ఎవరి దగ్గరుందో ఫోటోతో సహా సాక్ష్యం నా ఫైల్లో ఉంది. నీ ఫోటోయే నీ మెడకి చుట్టుకుంది.

కొత్త టైర్లు, కొత్త బ్యాటరీ, కుట్టించిన సీటు, అన్నీ అమిరేదాకా ఆగి ఎత్తుకుపోయావు. ఎలుకలు నయం, పాత సీటు తిన్నాయి.

మీ వదినని "కారేదే?" అని అడిగితే షెడ్డులో లేదంది. ఇల్లంతా అల్లకల్లోలంగా ఉంటే చీమ కుట్టినట్టయినా లేకుండా కూరలు తరుగుతోంది. నేను ఇప్పుడే పోలీసు స్టేషనుకి వెళుతున్నాను. కారు మర్యాదగా తెచ్చి పెట్టావా సరే.

ఇట్లు,
అన్న
("నీ" కొట్టేశాను)

తా.క.: అమ్మ కూడా కనిపించడం లేదు.


అన్నయ్యా,

నన్నే దొంగంటావా? రోటర్ నా బీరువాలో, మఖమలు డబ్బాలోనే ఉంది, ఇప్పుడే చూసి వచ్చాను. అది లేకుండా కారు కదలదని మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. కదలని కారు కనిపించకుండా పోయిందంటే, నువ్వే తోయించుకుపోయి అమ్మేసి నా మీద నింద వేస్తున్నావు. పిల్లిలా కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకం చూడదనుకోకు. నేనూ లాయరుతో మాట్లాడుతున్నాను.

ఇట్లు,
తమ్ముడు
(నేనూ కొట్టేశాను)

తా.క.: అమ్మకి చూపే లేదు, ఎంత దూరం పోతుంది? పక్కింట్లో చూడు.


పెద్దాడికీ చిన్నాడికీ,

దీవెనలు. ఒకటే ఉత్తరం రెండుసార్లు రాసే ఓపిక లేక, పెద్దాడి కార్బను కాగితం పెట్టి రాశాను. అసలు ఎవరికి వచ్చింది, నకలు ఎవరికి వచ్చింది అని మళ్ళీ కొట్టుకోకండి.

నేను మీ పెద్దమ్మ దగ్గర ఉన్నాను. ఒక కంటికి ఆపరేషను అయింది. ముదరబెట్టుకుని వచ్చారేమమ్మా అని డాక్టరు కేకలేశాడు గానీ చూపు దక్కింది. రెండో కన్ను వచ్చే నెల.

నిన్న బట్టల కోసం ఇంటికి వెళ్ళాను. పెద్దాడు మళ్ళీ స్టేషనుకి వెళ్ళాడట. నేను ఎక్కడున్నానో కోడలికి మొదటి నుంచీ తెలుసు. ఏది అడిగితే దానికే జవాబు చెప్పమన్నాను. ఆయన కారేదని అడిగారు, మీరేరని అడగలేదు అత్తయ్యా అంది. ఆ ఫైలు ఆవిడే తెచ్చి ఇచ్చింది. ముందుగదిలో కూర్చుని అన్నీ వరసగా చదివాను. చూపు వచ్చాక నేను చదివిన మొదటి అక్షరాలు మీవే. చదివాక, ఈ కన్ను రాకపోయినా బాగుండేదనిపించింది.

ప్రతి ఉత్తరంలోనూ నేను అడుగునే ఉన్నాను, మీ సంతకాలు అయిపోయాక. కారుకి పోగా మిగిలిన జాగాలో నన్ను పెట్టారు. స్టేషనులో ఇచ్చిన కాగితం నకలు కూడా చూశాను. కారు రంగు, నంబరు, ఎడమ తలుపు సొట్ట, అన్నీ రాశావు పెద్దాడా. నా గురించి ఒక్క ముక్క లేదు. కారు దొరికితే నేనూ అందులోనే దొరుకుతాననుకున్నావేమో.

ఇక ఆ రోటర్ సంగతి. మీ నాన్న దాన్ని జేబులో వేసుకుని అలాగే చొక్కా ఉతకడానికి పడేసేవాడు. ఎన్ని కొట్టుకుపోయాయో లెక్కలేదు. అందుకని నా కుట్టుమిషను సొరుగులో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంచేదాన్ని. రెండో తాళంచెవి కూడా దాని పక్కనే. మీరిద్దరూ ఇంత యుద్ధం చేశారు గానీ, ఒక్కడూ వచ్చి "అమ్మా, నీ దగ్గరేమైనా ఉందా" అని అడగలేదు.

మొదటి రోజే నేను తీసి ఇచ్చి ఉండచ్చు. ఇవ్వలేదు. కారు మీద నాకేం మోజురా, జన్మంతా దాన్ని కడిగినదాన్ని. ఆ ముక్క పట్టుకుని చిన్నాడు గుమ్మంలోకి వస్తాడు, పెద్దాడు లోపలికి రమ్మంటాడు, చూపు పూర్తిగా పోయేలోగా ఇద్దరినీ ఒకచోట చూస్తాను అనుకున్నాను. కారులోనే వెళతానని మొండికేసింది అందుకు. మీ నాన్న కూడా చేసింది అదే, ఆయనకీ ఫలించలేదు.

ఆ రోజు పెద్దాడు చిన్నాడి ఉత్తరం చదివి, నమస్కారాలు చెప్పాడమ్మా అన్నాడు. ఎప్పుడొస్తాడట అని అడిగాను. రాయలేదు అన్నాడు. అప్పుడే మెకానిక్‌ని పిలిచి సొరుగు తెరిచాను. అతను మూత తీసి ముక్క పెట్టాడు, మూత వేశాడు, కారు దగ్గి లేచింది. పెద్దాడు అప్పుడు పోస్టాఫీసులో ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే వాడు స్నానానికి వెళ్ళగానే అతనే నన్ను కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. చిన్నాడు పంపిన కళ్ళజోడు అతనికి ఇచ్చాను. చిన్న మరలు బిగించడానికి బాగా పనికొస్తోందట.

ఇక నేను ఇక్కడే ఉంటాను. అక్క ఊరికే నస పెడుతుంది గానీ, నస పెట్టడానికైనా నా ముందుకొచ్చి కూర్చుంటుంది. కారు ఇంటి ముందు ఆపించినప్పుడల్లా రోటర్ తీయించి నా దగ్గర పెట్టుకుంటున్నాను. ఇద్దరూ కలిసి వచ్చి అడగండి. ఇస్తానని చెప్పడం లేదు. వస్తే ఎవరు ఎవరో గుర్తుపడతాను, అంతే.

మీ అమ్మ

తా.క.: కారు బాగానే ఉంది.