ఎనభై అక్షరాల తెర

చిద్రి, మంగళవారం రాత్రి

నేను చూసుకునే చర్చి సమాధుల రిజిస్టరు ఇప్పటికీ ఆ పాత డాస్ కంప్యూటర్‌లోనే ఉంది. తెర మీద ఒక్కో వరసకు ఎనభై అక్షరాలే కనిపిస్తాయి. కంప్యూటరు పుస్తకాల్లో రాయని డిస్‌ప్లే మోడ్‌లు, అంటే తెర అమరికలు, ఉంటాయని విని, ఇవాళ మధ్యాహ్నం ఒక్కో మోడ్ నంబరూ కొట్టి చూశాను. ఒకదానికి అక్షరాలు సన్నబడి వరస నూట ముప్పై రెండు అక్షరాలకు సాగింది. అంచు అవతలి మాటలు బయటపడ్డాయి.

ఎప్పుడో పోయిన యేసుదాసుగారి వరస చివర, 'పక్క జాగా భార్యకు' అని ఉంది.

పోయినేడు ఆయన భార్య సుందరమ్మ వచ్చి, "మా ఆయన రాయించిండు, మంచిగ చూడయ్యా" అని రెండుసార్లు అడిగింది. తెర మీద కనిపించక, లేదన్నాను. తర్వాత ఆ జాగా వేరేవాళ్లకు ఇచ్చేశాం. ఈ ఎండాకాలంలో ఆమెను దూరంగా, గోడ వారన పూడ్చాం.

సాయంత్రం ఆమె కూతురు రూతు ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేతిలో చాట పక్కన పెట్టింది.

"నేనే అమ్మ మీద కోపం జేసిన అన్నా. కంప్యూటర్ల లేదంటుంటే ఎందుకు అబద్ధమాడుతవ్ అని తిట్టిన. అమ్మ మళ్ల ఎన్నడు ఆ మాట ఎత్తలే."

లేచి వచ్చాను. చెప్పి మంచి చేశానో, నా తప్పు ఆమె మీద కూడా పెట్టానో, తెలియడం లేదు.