నాన్న చాపిన రెండో గ్లాసు

బాబాయ్‌కి,

మీ అన్నకూతురు రాస్తున్నది. తాతగారి ద్రాక్షతోట పంచుకుని మీరూ నాన్నా మాటలు మానేశాక మిమ్మల్ని పలకరించడం ఇదే మొదలు. ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను.

ఆదివారం మా వైన్లు రుచి చూడడానికి బీరూట్ దంపతులు వచ్చారు. మీ దగ్గర కొన్న సీసా తీసి నాన్నకి ఓ గ్లాసు పోశారు. ఆయన ఎవరిదని అడక్కుండా తాగి కళ్లు మూసుకున్నారు.

"అచ్చం మా నాన్న చేసినట్టే ఉంది. ఎక్కడ దొరికిందమ్మా?" అన్నారు.

సీసా తిప్పి మీ పేరు చూపించాను. తమ్ముడు నసీఫ్‌కి వైన్ చెయ్యడం చేతకాదని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పిన మనిషి కదా, కేకలేస్తారనుకున్నాను.

"వెధవ! నేర్చేసుకున్నాడే!" అంటూ మళ్లీ గ్లాసు చాపారు.

ఇవాళ పొద్దున్నే మీ తోటవైపు తలుపు తాళం తీసేశారు. ఎందుకని అడిగితే, "తుప్పు పట్టింది, నీకెందుకు?" అని కసిరారు.

ఇది కోపమో పిలుపో నాకు అర్థం కావడంలేదు. ఆయన సంగతి మీకే బాగా తెలుసు. మధ్యాహ్నం మీకూ వండమంటారా, బాబాయ్? ఆయన మాత్రం ఆ తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మీ అమ్మాయి