ధర్నాకు దిగివచ్చిన డాక్టరమ్మ

అన్నయ్యకు,

మీ బావకు పిచ్చి పట్టిందని ఊళ్లో అనుకుంటున్నారట. నువ్వు నమ్మకు. జరిగింది రాస్తున్నాను, అడిగినవాళ్లకు ఇదే చెప్పు.

ఆయన రాయదుర్గంలో ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉంటాడు కదా. పట్నంలో స్వైన్ ఫ్లూ మొదలైనప్పటి నుంచి ఎవరు తుమ్మినా వణికిపోయేవాడు. తోలు ఊడేలా చేతులు కడిగేవాడు. నిద్ర పూర్తిగా పోయింది. మొన్న "నా రోగం పిల్లలకు అంటుతది, నేను బతకొద్దు" అంటూ స్నానాలగదిలో గడియ పెట్టుకున్నాడు. ఇరుగుపొరుగు తలుపు పగలగొట్టి బయటికి తెచ్చారు.

ఆ రోజు బంద్, ఆటోలు లేవు. ఖాజాగూడ దగ్గర ప్రత్యేక తెలంగాణ కోసం రాస్తారోకో చేస్తున్న కుర్రాళ్లను బతిమాలితే, జెండాలు కట్టిన జీపులోనే మమ్మల్ని దవాఖానకు తీసుకెళ్లారు.

అక్కడ ఫ్లూ వార్డువాళ్లు, జ్వరం లేదు, మానసిక వార్డుకు పొమ్మన్నారు. మానసిక వార్డువాళ్లు ఈయన మూతికున్న మాస్కుల దొంతర చూసి, ముందు ఫ్లూ లేదని తేల్చుకు రమ్మన్నారు. అటూ ఇటూ తిరగలేక నేను ఏడ్చేశాను. కుర్రాళ్లు మెట్ల మీద బైఠాయించి "డాక్టర్ సాబ్ బయటికి రావాలె!" అని నినాదాలు అందుకున్నారు. మీ బావ కూడా గొంతు కలిపాడు!

వచ్చింది ఒక డాక్టరమ్మ. ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని "ఏం భయమైతుందో జర చెప్పు" అంది. ఆయన చాలాసేపు చెప్పాడు, ఏడ్చాడు. ఇది భయం ముదిరిన జబ్బనీ, మందులతో తగ్గుతుందనీ చెప్పి, సూది వేయించి పడుకోబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కళ్లు తెరిచి, "తెలంగాణ వచ్చిందా?" అని అడిగాడు.

"ఇంకా రాలే. నీకు నిద్రయితే వచ్చింది" అన్నాను.

నీ చెల్లెలు