నాన్న అడిగిన ఒక్క మాట

ప్రియమైన అక్కకు,

నువ్వూ బావగారూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మేమూ బాగున్నామని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. నాన్న నాతో మాటలు మానేశాడు. షాపులో ఒకే అద్దం ముందు రెండు కుర్చీలు. పొద్దున్నుంచి ఆయన కత్తెర, నా కత్తెర పక్కపక్కనే ఆడుతుంటాయి. మాట ఉండదు. మొన్న నా దగ్గరున్న దువ్వెన కావలసి వచ్చి, తన కుర్చీలో కూర్చున్న మనిషితో, "ఆ పక్కవాణ్ని దువ్వెన ఇమ్మనండి" అన్నాడు. ఆ మనిషికి మొహం నిండా నురగ. నోరు తెరిస్తే సబ్బు లోపలికి పోతుంది, తెరవకపోతే నాన్న ఊరుకోడు. నవ్వొచ్చింది అక్కా. దువ్వెన ఆ మనిషి చేతికే ఇచ్చాను.

ఫోనులో నీకు చెప్పలేకపోయాను. నేనూ నీ మరదలూ బాప్తిస్మం తీసుకున్నాం. పాప పోయాక మా ముందు దాని ఊసెత్తినవాళ్లు లేరు. మా మంచికేనని అందరూ నోరు కట్టేసుకున్నారు. మంచాన పడ్డ పాస్టరు గారికి గడ్డం చేయడానికి వాళ్లింటికి వెళ్లేవాణ్ని. ఒకరోజు ఆయన, "పాపని ఏమని పిలిచేవాళ్లు బాబూ?" అని అడిగారు. చెప్పాను. చెప్పి, కత్తి పక్కన పెట్టి కూలబడ్డాను. ఆయన నీతులు చెప్పలేదు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, నాతో పాటు ఏడ్చారు. "యేసయ్య కూడా స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడు" అన్నారు, అంతే. ఏడ్చే దేవుడి గురించి నేను అంతకు ముందు వినలేదు. నాకు అక్కడ మొదలైంది.

ఇప్పుడు వీధి సంఘం పెద్ద పట్టుబట్టాడు. నాన్నకు చిన్ననాటి స్నేహితుడే. "నీ కొడుకుని చూసి రేపు మా పిల్లలూ అదే దారి పడతారు. ఆ మతం వదిలేశానని అందరి ముందూ వాడి చేత చెప్పించు. లేదంటే నీ షాపు మెట్టు ఎవరూ ఎక్కరు" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. షాపులో మనుషులు కూర్చునే బల్ల ఖాళీగా ఉంటోంది.

నిన్న షట్టరు కాస్త దించి, నాన్న నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఒక్క మాటరా. వదిలేశానని ఒక్క మాట అను. తర్వాత తలుపేసుకుని నీకు ఎవరిష్టమైతే వాళ్లకి మొక్కుకో. నేను చూడను, అడగను. మనసులో ఉన్నది ఎవడికి కనపడుతుంది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు అక్కా. కోప్పడితే ఎదురు నిలిచేవాణ్ని. బతిమాలితే ఎలా నిలవను?

ఆదివారం సాయంత్రం అందరూ షాపుకు వస్తారు. ఆ మాట అనేద్దామనే నిర్ణయించుకున్నాను. నా లోపల ఏముందో దేవుడికి తెలుసు కదా. నువ్వు మాత్రం నన్ను పిరికివాడనుకోకు.

తల నెరుస్తున్నా నీకు ఎప్పటికీ
బుడ్డోడు


అక్కా,

పోయిన ఉత్తరం చదివి హమ్మయ్య అనుకుని ఉంటావు. ఇది చదివి తిట్టుకుంటావు. ఆ మాట నా నోట రాలేదు.

బయలుదేరుతుంటే నీ మరదలు చొక్కా అందించింది. "మీరు ఏమన్నా మీ పక్కనే ఉంటాను. కానీ 'మేము వదిలేశాం' అనకండి. 'నేను వదిలేశాను' అనండి. నా మాట నాది" అంది. ఏడవలేదు, దెబ్బలాడలేదు. చొక్కాకి బొత్తాలన్నీ ఉన్నాయో లేదో చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. దారంతా ఆ మాట నా వెంటే నడిచింది.

షాపు నిండా జనం. వీధి సంఘం పెద్ద నాన్న కుర్చీలో, గడ్డానికి వచ్చినవాడిలాగే వెనక్కి వాలి కూర్చున్నాడు. నాన్న ఒకే తువ్వాలును మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ నిలబడ్డాడు. "ఊఁ, చెప్పవయ్యా. మాకూ పనులున్నాయి" అన్నాడు పెద్ద.

నోరు తెరిచాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా అద్దంలో నా మొహం కనపడింది. నా పాప కోసం ఏడ్చిన ఆ దేవుడికీ నాకూ సంబంధం లేదని ఎలా అనను?

"నేను వదల్లేదండీ. వదలను కూడా. మీ ఎవరి మీదా నాకు కోపం లేదు. నాన్నని ఏమీ అనకండి, నేనే షాపు వదిలి వెళ్లిపోతాను" అన్నాను.

ఛాతీ విరుచుకుని అన్నాననుకోకు. కుర్చీ పట్టుకుని అన్నాను. ఎవరో నవ్వారు. ఎవరో కాలరు పట్టుకున్నారు. వాళ్లను తోసుకుంటూ వచ్చి నాన్న నా చెంప మీద కొట్టాడు. చిన్నప్పుడు నువ్వెన్ని చాడీలు చెప్పినా నా మీద చెయ్యెత్తని నాన్న, అందరి ముందూ, పెళ్లయిన కొడుకుని కొట్టాడు. "బయటికి పో" అన్నాడు. నా కత్తెరలూ కత్తీ తీసుకుని వచ్చేశాను.

ఊరి చివర రేకుల గదికి మారాం. చెంప నొప్పి తగ్గింది. ప్రార్థనలో "తండ్రీ" అనబోతే మాత్రం నాన్న మొహమే ఎదురుగా వస్తోంది. ఆ తండ్రి కోసం ఈ తండ్రిని పోగొట్టుకున్నానా? పాస్టరు గారిని అడిగితే, "నాకూ తెలియదు బాబూ. నీ పక్కన ఉంటాను" అన్నారు.

నీ తమ్ముడు


అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. "నాన్న కన్నా నీ పంతం ఎక్కువైందా?" అని రాశావు. పంతమైతే ఎప్పుడో వదిలేసేవాణ్ని అక్కా, నా పంతాలు ఎన్నాళ్లుంటాయో నీకు తెలియదా?

బస్టాండు గోడ పక్కన ఒక ముక్కాలి పీట వేసుకున్నాను. మేకుకి అద్దం తగిలిస్తే ఎవరో రాయి విసిరారు. మిగిలిన ముక్కతోనే పని నడుస్తోంది. చెవి కనపడితే ముక్కు కనపడదు. డ్రైవర్లు, కండక్టర్లు వస్తున్నారు. మన వీధివాళ్లు ఎవరైనా కనపడితే మొహం తిప్పుకుని పోతారు. రోజూ పీట వేసేటప్పుడు భయంగానే ఉంటుంది. భయపడుతూనే వేస్తున్నాను.

ఇవాళ పొద్దున ఒక డ్రైవరుకి క్రాపు చేస్తుంటే వెనక ఎవరో దగ్గారు. నాన్న. వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక పీట మీద కూర్చుని, "గడ్డం" అన్నాడు.

నీకు తెలుసుగా, నాన్న తన గడ్డం తానే చేసుకుంటాడు. ఎవరి కత్తినీ గొంతు దాకా రానివ్వడు. పని నేర్పినవాడే అయినా నాకూ ఎప్పుడూ ఇవ్వలేదు. నురగ రాశాను. కత్తి పట్టుకుంటే వేళ్లు నా మాట వినలేదు.

"చెయ్యి వణికితే కత్తి తియ్యి. ఊపిరి పీల్చు. మళ్లీ పెట్టు" అన్నాడు, కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పినట్టు.

ఒక పక్క అయ్యాక, కళ్లు మూసుకునే అన్నాడు: "నీ దేవుడి సంగతి నాకొద్దు. ఈ వయసులో నేను మారను. కానీ ఆ రోజు నువ్వు ఆ మాట అనేసుంటే, తర్వాత నువ్వేం చెప్పినా నేను నమ్మేవాణ్నా అని ఆలోచిస్తున్నా. అబద్ధమాడమని నేనే అడిగాను కదరా."

రెండో పక్కకి కత్తి పెట్టాను.

"గట్టిగా తగిలిందా?"

"తగిలింది."

"నా చేతికీ తగిలింది" అన్నాడు.

లేచి, గడ్డం తడుముకుని, దవడ కింద గరుకుగా ఉందని వంక పెట్టాడు. "ఇంటికి పద నాన్నా, దింపుతాను" అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు అటు రాకు. వాళ్లింకా చల్లారలేదు. నేనే వస్తుంటాను. గడ్డం పెరగడం ఆగదు కదా."

బస్సుల మధ్యలోంచి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నీ
బుడ్డోడు