చెంపకు బెత్తెడు దూరం

చిరంజీవి వితూన్‌ను అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ పిన్నీ, పిల్లీ కులాసాగానే ఉన్నాం. నువ్వక్కడ రైల్వే క్వార్టర్లో వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను.

నువ్వడిగావు కనుక చెబుతున్నాను, మోకాలినొప్పి తగ్గింది. కొత్త సినిమాలోనూ గయ్యాళి వేషమే, ఈసారి సవతి కూతురికి అన్నం పెట్టను. బ్యాంకాక్ బజారులో చేపలమ్మే ఆవిడ నా వేషాలు చూసిన కోపంతో ఇప్పటికీ తోకముక్కలే అంటగడుతోంది.

ఇక నీ పెళ్ళి సంగతి. గుడి తిరనాళ్ళలో తెర కట్టి వేసిన నా సినిమా నువ్వు చేసుకోబోయే నువాన్ వాళ్ళమ్మమ్మ చూసిందనీ, అందులో నేను ముసలి అత్తను చెంపమీద కొట్టానని ఈ సంబంధమే వద్దంటోందనీ రాశావు. పెళ్ళయ్యేదాకా వేషాలు మానమన్నావు. మానను నాయనా. నిన్ను చదివించింది ఆ గయ్యాళే. అలాగని నీ పెళ్ళి చెడితే నేను తట్టుకోలేను. అందుకే నీకు చెప్పకుండా మీ పిచిత్ ఊరొచ్చి, నువాన్ వాళ్ళింటికి వెళ్ళాను. ఆ రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావు, నువాన్ బడిలో పాఠాలు చెబుతోంది.

అమ్మమ్మ నన్ను కూర్చోమనైనా అనలేదు. "ముసలిదాన్ని కొట్టిన చేతుల్లో నా మనవరాల్ని పెట్టాలా?" అంది. అది ఉత్త నటనేనంటే, చప్పుడు తన చెవులారా విన్నానంది. సరే, మేమెలా చేస్తామో చూపిస్తానన్నాను.

నీకు తెలుసుగా, పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తే సీనుంటే ముందు మల్లెదండ ఇచ్చి, కాళ్ళముందు వాలి మన్నించమని అడుగుతాం. వాళ్ళు సరేనన్నాకే కెమెరా తిరుగుతుంది. ఆవిడ కోసం కొనుక్కెళ్ళిన దండ చేతికిచ్చి, నుదురు నేలకానించి మొక్కాను. ఆవిడ నా తలమీద చెయ్యి పెట్టింది.

"ఊఁ, కొట్టు. చూస్తా" అంది.

చెంపకు బెత్తెడు దూరంలో కుడిచెయ్యి ఆగాలి. చప్పుడు ఎడమచెయ్యి నా తొడమీద చేస్తుంది.

ఇది రాయడానికే ఇంతసేపూ తటపటాయించాను. చెయ్యి ఆగలేదురా. ఇన్నేళ్ళలో ఎవరికీ నా గోరైనా తగల్లేదు. ఈవిడ కాదంటే నువ్వేమైపోతావోనని ఒక్కసారిగా భయం పుట్టి చెయ్యి అదుపు తప్పింది. గట్టిగానే తగిలింది.

చప్పుడు విని నువాన్ వాళ్ళమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఎర్రబడిన చెంపను అరచేత్తో కప్పుకుని కూతురివైపు తిరిగింది.

"ఏం లేదే, తగల్లేదు. వట్టి చప్పుడే. నీ వియ్యపురాలికి అన్నం పెట్టు" అంది.

పెళ్ళిరోజు ఖాయం చేసుకోమని వాళ్ళే నీకు కబురు పెడతారు. ఏమీ తెలియనట్టే వెళ్ళు. ఎవరైనా అడిగితే తగల్లేదనే చెప్పు.

ఇట్లు,
నీ పెళ్ళికి రాబోతున్న
మీ అమ్మ రంఫా