హాలీకీ కల్దార్‌కీ మధ్య ఎనిమిదణాలు

నవంబర్ 18, సోమవారం

మళ్ళీ వెనక్కి పంపారు. నా పీహెచ్‌డీ థీసిస్‌లో మూడో అధ్యాయం. ఆరేళ్ళ పని...

కమిటీలో పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "హాలీ అంటే నిజాం రూపాయి. కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఏ పుస్తకం తెరిచినా ఇదే మారకం. మీరు కొత్తగా కనిపెట్టేదేముందండీ?"

పుస్తకంలో రేటు వేరు, ఊళ్ళో మనిషి చేతికొచ్చిన రేటు వేరు అన్నాను. తొందరలో "గట్ల కాదు సార్" అని వచ్చేసింది. పక్కనున్నాయన నవ్వాడు. "గట్ల" అని మెల్లగా అనుకుని మళ్ళీ నవ్వాడు.

ఫిబ్రవరి దాకా గడువు. కాగితం మీద ఆధారం చూపాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

నవంబర్ 19

కాలేజీలో నాలుగు క్లాసులు చెప్పాను. జనగామ మార్కెట్ రోడ్డు నిండా పత్తి ట్రాక్టర్లు. ఇంటికొచ్చి పడుకున్నాను. ఏమీ రాయబుద్ధి కాలేదు.

నవంబర్ 24, ఆదివారం

మా ఆయన రవి మిర్చి విత్తనాల పని మీద మహబూబాబాద్ వెళ్ళి కబురు తెచ్చాడు. అక్కడ బుచ్చమ్మ అనే ముసలామె ఉందట. తొంభై దాటాయి. ఆమె అన్న ఆ రోజుల్లో బెజవాడలో, అంటే ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో, ప్రెస్సు పని చేసేవాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపి, కార్డు ముక్క రాసేవాడు.

"కార్డులన్ని తీగకు గుచ్చి పెట్టుకున్నది. సదివెటోళ్ళు లేరట. పోయి సూడరాదు?" అన్నాడు. మామూలుగా నా హాలీల గోల మొదలవగానే టీవీ పెట్టుకునే మనిషి.

డిసెంబర్ 1, ఆదివారం

పొద్దున్నే రైలు. మహబూబాబాద్‌లో దిగి ఆటో.

బుచ్చమ్మవ్వ గట్టి మనిషి. చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు. తీగ నా ఒళ్ళో పెట్టింది. "ఇంటికి కొంటవోనియ్య. ఈడనే సదువు. నాకు ఇనవడెటట్టు సదువు."

ముప్పై ఒక్క కార్డులు. అన్న మల్లయ్య రాత ముత్యాల్లా ఉంది. ఫలానా ఊరి మనిషి చేత ఇన్ని కల్దార్లు పంపాను, ఇన్ని హాలీలు రావాలి అని ప్రతి దాంట్లో రాశాడు. అడుగున పెన్సిల్‌తో ఇంకెవరిదో వంకర రాత. ఎవరిదని అడిగాను.

"గదా? గది మా నాయినది. టేషన్ కాడ పైసలు మార్చే సేటు ఎన్ని హాలీలు ఇచ్చిండో రాసుకునేటోడు."

పంపింది. అందింది. పైన పోస్టు ముద్రలో తేదీ. మూడూ ఒకే కార్డు మీద! ఒక్కొక్క కార్డే తిప్పి చూసుకుంటూ పోయాను.

"ఏంది బిడ్డా, సదువుడు ఆపినవ్?"

డిసెంబర్ 8, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. ఇరవై రెండో కార్డు.

మల్లయ్య పన్నెండు కల్దార్లు పంపాడు. పద్నాలుగు హాలీలు రావాలి. "అందులో ఎనిమిదణాలు బుచ్చికి గాజులకు. మరువవద్దు." అడుగున వాళ్ళ నాయిన పెన్సిల్ రాత: "పదమూడున్నర ఇచ్చిండు. గాజులు వచ్చే నెల."

అవ్వ నా దగ్గరికి జరిగింది.

"ఇంకోపారి సదువు."

చదివాను.

"గాజుల పైసలు పంపిండా మా అన్న? నాకు తెల్వనే తెల్వదు బిడ్డా. పండుగకు అందరు ఏసుకుంటే నేను ఉత్త చేతులతోని... మా అన్న మర్సిండని మస్తు ఏడ్సిన." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఒక్కసారి గలగలా నవ్వింది. "మర్వలే సూడు! మర్వలే మా అన్న!"

దారి పొడుగునా రైల్లో నాకూ నవ్వు, ఏడుపు.

జనవరి 5

ముప్పై ఒకటీ ఫోటో తీశాను. పట్టిక అయింది. ఏడుకు ఆరు చొప్పున సరిగ్గా అందినవి నాలుగే. మిగతా అన్నింట్లో కోత — ఒక్కో కాలంలో ఒక్కో తీరు. పుస్తకంలో రేటు కదల్లేదు. సేటు దగ్గర కదిలింది!

జనవరి 20

గైడ్ సార్ చదివి ఫోన్ చేశారు. "సరితా, ఇది ఎక్కడ దాక్కుందమ్మా ఇన్నాళ్ళు?" తీగకు, సార్.

ఫిబ్రవరి 12, బుధవారం

గెలిచాను!

మళ్ళీ అదే గది, అదే మనుషులు. కార్డులు తెర మీద చూపించాను. పెద్దాయన ముందుకు వంగి పెన్సిల్ రాతలు చదివాడు. అప్పుడు పక్కనాయన — "సరే, అర్ధ రూపాయి తేడా. దానికింత పరిశోధనా?"

"అర్ధ రూపాయంటే ఒక పిల్ల చేతి గాజులు సార్. గా పిల్ల ఇంకా బతికే ఉన్నది. కావాల్నంటే ఫోన్ కలుపుత."

ఈసారి నోరు జారలేదు. కావాలనే అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అధ్యాయం ఆమోదిస్తున్నాం. వచ్చే నెలలో థీసిస్ ఇచ్చేయండి."

బయటికొచ్చి అవ్వకు ఫోన్ చేశాను. "మా అన్న పేరు రాసినవా?" అన్నది. మొదటి పేజీలోనే అన్నాను. "నాయినది గూడ రాయి. కోపం జేత్తడు."

రవి స్వీట్ డబ్బాతో స్టేషన్‌కు వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద తెలియనివాళ్ళకు కూడా పంచాడు. సిగ్గేసింది. ఆపలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

భూపాలపల్లి జిల్లా ఘనపూర్ నుంచి ఫోన్. రిటైరైన టీచర్ ఒకాయన, ఎవరో చెబితే విన్నాడట.

"మా పెదనాయినకు తొంబై అయిదేండ్లు. నీ ముచ్చట చెప్తే తల్కాయ అడ్డం ఊపుతుండు. మా దిక్కు ఏడుకు ఆరేంది, అంతా అబద్ధమంటడు. చార్మినార్ బొమ్మ ఉంటేనే రూపాయట. రాజు తల్కాయ ఉన్న కల్దార్‌ను ఎవ్వరు ముట్టకపోయేదట. బతిమాలితే ఒకటికి ఒకటి, బరాబర్!"

"కాగితం ఏమన్న ఉన్నదా సార్?"

"కాగితం లేదు బిడ్డా. మనిషి ఉన్నడు. జల్ది రా."

నిజమైతే నా మూడో అధ్యాయం సగమే. గడువు చూస్తే వచ్చే నెల. ఈ సంగతి చెబితే గైడ్ సార్ ఏమంటారో తెలుసు — ఇప్పుడేమీ కదపొద్దు.

రవి హనుమకొండ నుంచి బస్సులు ఎప్పుడున్నాయో కనుక్కుంటున్నాడు. సార్‌కు ఇంకా చెప్పలేదు.